ఉష్ణము నిలువని గది – ఒక అన్వయవ్యతిరేక విచారము



తర్కశాస్త్రమున ప్రవేశించు బాలునకు తొలుత చెప్పు విషయములలో ఇది ఒకటి. జలమునకు శీతస్పర్శ స్వభావము, తేజస్సునకు ఉష్ణస్పర్శ స్వభావము. చెప్పిన మరుక్షణమే ఏ బాలుడైనను ఒక ప్రశ్న వేయును. "కాగులోని నీరు చేయి కాల్చుచున్నది కదా, మరి జలము చల్లనిది ఎట్లగును?" ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును పాఠము చెప్పునపుడు మా గురువుగారు ఈ ప్రశ్న వచ్చువరకు వేచియుండెడివారు. అది రానిదే ముందుకు సాగెడివారు కారు. సమాధానము సులభమే. కాగిన నీటియందలి వేడిమి నీటిది కాదు, అందు ప్రవేశించిన తేజస్సుది. నీరు దానిని మోయుచున్నది, అంతే. దించి ప్రక్కన పెట్టినచో కొంతసేపటికి తన స్వభావమునకు తాను వచ్చును. వేదాంతులు ఈ మాటనే మరికొంత దూరము తీసికొనిపోయిరి. నిప్పులో కాలిన ఇనుపగుండు ఎఱ్ఱనై అంటినదానినెల్ల కాల్చును, కాని కాల్చునది ఇనుము కాదు. జడమైన దేహేంద్రియములు చైతన్యము కలవానివలె తోచుటకు ఇది వారి ప్రసిద్ధ దృష్టాంతము.

బొబ్బిలిలో నాయొద్దకు వచ్చు పిల్లలకు ఈ పాఠము చెప్పునపుడు మా పెరటిలోని పాత రాగి బాయిలరును చూపుట నా అలవాటు. నడుమ గొట్టము, గొట్టములో నిప్పు, చుట్టును నీరు. పైనుండి ఒక చెంబుడు చన్నీళ్ళు పోసినగాని కుళాయినుండి వేన్నీళ్ళు రావు. వేడి ఎవరిది, మోయువాడెవడు, అందుకొనువాడెవడు అను మూడు ప్రశ్నలకును ఆ ఒక్క పాత్ర సమాధానము చెప్పును. అదే పాఠము గత మార్గశిరమున ఒక పసిపాప గదిలో, బొబ్బిలికి బహుదూరమున, పుస్తకములోనిదిగా గాక నిజమైన ఆందోళనగా ఎదురైనది.

మా అమ్మాయి పురిటికై నేనును నా సహధర్మచారిణియు ఇంగ్లండు దేశమందలి బర్మింగ్‌హామ్ నగరమునకు వెళ్ళియుంటిమి. (సముద్రయానమును గూర్చి అడుగదలచినవారికి వేఱొకసారి విపులముగ వ్రాసెదను. ఇచట అది ప్రస్తుతము కాదు.) మన ప్రాంతమున చలి యనగా తెల్లవారుజామున భుజముపై ఒక కండువా, పాపకు ఒక టోపీ. సంక్రాంతి దాటినచో అదియు మఱతుము. అచట మార్గశిరాంతమున సూర్యోదయము ఉదయము 8 గంటల 15 నిమిషముల ప్రాంతమున, అస్తమయము సాయంత్రము 4 గంటలకు కొంచెము ముందు. ప్రాతస్సంధ్యకును సాయంసంధ్యకును నడుమ మధ్యాహ్నికమునకు చోటు వెదకుకొనవలసివచ్చెడిది. మేఘములచే సూర్యదర్శనము లేని దినములలో గడియారమును చూచి అర్ఘ్యమిచ్చితిని. గాలి ఎముకలలోనికి పోవును. గృహములన్నియు మూసిన పెట్టెలవలె ఉండును.

ఆ మూసిన పెట్టెను వెచ్చగా నుంచునది రేడియేటరు. ప్రతి గదిలోను కిటికీ క్రింద గోడకు బిగించిన తెల్లని ఇనుపపలక. వంటింటిలోని బాయిలరులో గ్యాసు మంట నీటిని కాచును. ఒక పంపు ఆ నీటిని గొట్టములగుండ ఇల్లంతయు త్రిప్పును. వేడినీరు పలకలో ప్రవేశించి, తన ఉష్ణమును పలకకిచ్చి, చల్లబడి, మరల బాయిలరునకు చేరును. పేరునుబట్టి చూచినచో కిరణములద్వారా వేడిని వెదజల్లునది అని అర్థము వచ్చును గాని, వాస్తవమున ఆ పలక ఎక్కువభాగము గాలిని వేడిచేసి పైకి పంపుటచేతనే గదిని వెచ్చబరచును. మంటనుండి నీటికి, నీటినుండి ఇనుమునకు, ఇనుమునుండి గాలికి, గాలినుండి పాప చెంపకు. ఈ పరంపరలో తనదని చెప్పుకొనదగిన ఉష్ణము కలది మంట ఒక్కటే.

మనుమరాలు పుట్టిన తరువాత 10 దినములు జాతాశౌచము. ఆ దినములలో ఆ ఇంట పూజ లేదు, దీపము లేదు. 11వ దినమున పుణ్యాహవాచనము, నామకరణము యథావిధిగ జరిగినవి. తెలుగువారు, కన్నడిగులు, తమిళులు, ఒకరిద్దఱు గుజరాతీలు వచ్చి ఇల్లు నిండినది. నాడే నా సహధర్మచారిణి పాప క్షేమార్థము మండలదీక్షగా అఖండదీపము సంకల్పించినది. నడవలో గోడకు గూడువంటి చోటు కలదు. అమ్మాయి కాపురమునకు వచ్చిననాటినుండి దేవుడు అచటనే కొలువైయున్నాడు. పెద్ద ప్రమిదలో నువ్వులనూనె, లావుపాటి వత్తి, స్థిరమైన జ్వాల. చూచుటకు కన్నుల పండుగగా నుండెను.

12వ దినము రాత్రినుండి పాప గదిలోని రేడియేటరు వేడి నిలుపుటలేదు.

పూర్తిగా పనిచేయనిచో విచారణ సులభము. ఇది అట్టిది కాదు. ఉదయము ఒకసారి చేయి పెట్టలేనంత వేడెక్కును. అరగంటకు గోరువెచ్చన, గంటకు చల్లన. సాయంత్రము మరల ఒకసారి వేడెక్కి, మరల చల్లబడును. రాత్రియంతయు మంచు. అచటి వైద్యవ్యవస్థవారు పసిబిడ్డ గది 16 నుండి 20 డిగ్రీల నడుమ ఉండవలెనని చెప్పుదురు. అమ్మాయి ఊయల ప్రక్కన పెట్టుకొనిన చిన్న ఉష్ణమాపకము తెల్లవారుజామున 3 గంటలకు 14 చూపినది. పాపకు ఇంకను రెండు వారములు నిండలేదు. అరచేతులు, అరికాళ్ళు చల్లనై, పాలు త్రాగుటకు లేచి పూర్తిగా త్రాగకయే నిద్రించెడిది. అమ్మాయి పాపను తన వక్షమునకు హత్తుకొని, పైన శాలువ కప్పుకొని, గోడకు చేరగిలబడి రాత్రులు గడపినది. బాలింత కన్నులలో అట్టి భయమును చూచిన తండ్రికి జపమాల ఎన్ని త్రిప్పినను సంఖ్య గుర్తుండదు.

నా సహధర్మచారిణికి తోచిన ఉపాయము మన ఇండ్లలో తరతరాలుగా నున్నదే. "ఏమండీ, ఓ కుంపటి దొరికితే చాలు. నాలుగు నిప్పులు వేసి గదిలో ఓ మూల పెడితే పాప హాయిగా పడుకుంటుంది." అల్లుడుగారు వినయముగనే గాని గట్టిగ వారించిరి. "అత్తయ్యగారూ, ఈ ఇళ్ళకి గాలి ఆడదు. బొగ్గులు మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలోనే ప్రాణం తీసేస్తుంది." ఆయన మాట యథార్థము. మన పురిటిగదుల కుంపటి తలుపు సందులు, పెంకుల సందులు గల ఇంటికి తగినది. ఇపుడు మన బొబ్బిలిలోను కిటికీలు బిగించుకొని శీతలయంత్రము పెట్టుకొను గదులు వచ్చినవి కనుక, పురిటిగదిలో బొగ్గుల కుంపటి పెట్టువారు ఈ మాటను గుర్తుంచుకొనవలెనని ఇచట ప్రత్యేకముగ వ్రాయుచున్నాను.

ఆ శనివారము బర్మింగ్‌హామ్ సమీపమున టివిడేల్ అను చోటనున్న వేంకటేశ్వరాలయమునకు వెళ్ళితిని. 2006లో ప్రతిష్ఠ జరిగిన ఆలయమది. ఆ దేశపు తెలుగువారికి అది ఒక పుట్టినిల్లు. ప్రసాదము తీసికొనుచు ఈ సంగతి ఒకరితో చెప్పగనే చుట్టును పదిమంది చేరిరి. వారిలో రేడియేటరు విద్య తెలియనివారు లేరు! పలక పైభాగము చల్లగను, క్రిందిభాగము వేడిగను ఉన్నచో లోపల గాలి చిక్కుకొనినది. క్రింద నడుమ చల్లగా నున్నచో మడ్డి పేరుకొనినది. పలకపై బట్టలు ఆరవేయరాదు, ఎందుకనగా ప్రక్కనున్న వాల్వు తలకాయలో వేడికి వ్యాకోచించు పదార్థముండును, అది తన చుట్టునున్న వేడిని గది వేడియని భావించి నీటిని ఆపివేయును. మేడమీది పలకలకు నీరు చాలనిచో క్రిందివాని వాల్వులను కొంచెము బిగించి సరిచూడవలెను. ఒక పెద్దమనిషి జేబులోనుండి చిన్న ఇత్తడి తాళపుచెవి తీసి, "ఇది లేకుండా ఈ దేశంలో చలికాలం గడవదండీ" అని నా చేతిలో పెట్టినాడు.

ఇంటికి వచ్చి అల్లుడుగారు ఆ తాళపుచెవితో పని మొదలిడిరి. బాయిలరు ఆపి, పలక చల్లారువరకు ఆగి, పైమూలనున్న చిన్న మర క్రింద గుడ్డ పట్టి, చెవిని పావుచుట్టు త్రిప్పిరి. సర్పము బుసకొట్టినట్లు గాలి వెడలినది. పిదప నీరు వచ్చినది, కాటుకవలె నల్లనిది. లోపలి ఇనుము తినివేయబడి అట్టి నల్లని చూర్ణమగునట, ఆ క్రియలోనే కొంత వాయువును పుట్టి పలక పైభాగమున చేరునట. గాలి పోయిన తరువాత బాయిలరుపై నున్న పీడనసూచి కొంచెము దిగును. దానిని 1 నుండి 1.5 బార్ నడుమకు తెచ్చుటకు నీరు నింపవలెను. ఇవన్నియు చేసినను ఆ రాత్రి పాప గది మరల 14 డిగ్రీలే.

బాయిలరునే అనుమానించిరి. ఇచట ఒక చక్కని నియమము కలదు. గ్యాసు బాయిలరు అంతర్భాగమును ముట్టుటకు అందఱికిని అధికారము లేదు. గ్యాస్ సేఫ్ అను పట్టికలో నమోదైన ఇంజనీరే దానిని విప్పవలెను. 2009 ఏప్రిల్ నుండి ఆ పట్టిక అమలులోనున్నది. అద్దె ఇంటికైనచో యజమాని ఏడాదికొకసారి పరీక్ష చేయించితీరవలెను. గాలి వదలుట గృహస్థునకు చెల్లును, మంటను ముట్టుట చెల్లదు. వేదాంతమున గ్రంథారంభముననే అధికారిని నిర్ణయించుట ఎందులకని అడుగువారికి ఈ బాయిలరు మంచి ఉదాహరణము.

ఇంజనీరు వచ్చినాడు. ఆయన వచ్చిన పది నిమిషములకు పలకలన్నియు భగభగ వేడెక్కినవి! ఆయన బాయిలరును, పంపును, పీడనమును పరీక్షించి, అన్నియు సలక్షణముగ నున్నవని చెప్పి వెళ్ళినాడు. ఆయన చెప్పినది అక్షరాల నిజమే. పాపను చూడవచ్చిన నర్సు వచ్చినపుడును అదే జరిగినది. ఆమె పలకపై చేయి వేసి, "చక్కగా వెచ్చగా ఉందే" అని నవ్వి వెళ్ళినది. ఆమె వెళ్ళిన గంటకు మరల చల్లన. అమ్మాయి కన్నీళ్ళు పెట్టుకొనినది. "నాన్నగారూ, ఎవరైనా వస్తే వేడెక్కుతుంది, అందరూ వెళ్ళిపోతే చల్లారిపోతుంది. నేను అబద్ధం చెబుతున్నాననుకుంటారు."

ఆ మాటలో కారణమున్నదని నాకు తోచినది.

కార్యకారణభావమును నిర్ణయించుటకు మన శాస్త్రమున అన్వయవ్యతిరేకములు కలవు. ఏది ఉన్నపుడు కార్యముండునో, ఏది లేనపుడు ఉండదో చూడవలెను. ఊహలకు ముందు చూపు కావలెను. అమ్మాయి పాపకు పాలుపట్టిన వేళలను ఒక చిన్న పుస్తకములో వ్రాసుకొనుచుండెను. ప్రక్కనే గది చలిని కూడ వ్రాసినది. పంచాంగము చదువునంత శ్రద్ధతో ఆ పుస్తకమును చదివితిని. ఉదయము 8 గంటల తరువాత వెచ్చన. అది అల్లుడుగారు ఉద్యోగమునకు బయలుదేరు సమయము. సాయంత్రము 6 తరువాత వెచ్చన. అది ఆయన తిరిగివచ్చు సమయము. నర్సు వచ్చినపుడు, ఇంజనీరు వచ్చినపుడు, తపాలా మనిషి పెట్టె తెచ్చి ఇచ్చినపుడు వెచ్చన. వచ్చినది ఎవరైనను వీరందఱికిని సమానమైనది ఒక్కటే. వీధితలుపు తెరువబడినది.

ఇది అన్వయము. తలుపు తెరచినచో మంచుగాలి లోనికి వచ్చును. చలి వచ్చినచో ఇల్లు వెచ్చబడుట! వినుటకు విరుద్ధముగ నున్నది. కాని బాయిలరు తనంతట మండదు. నడవలో గోడకు ఒక గుండ్రని యంత్రముండును. దాని పేరు థర్మోస్టాటు. దాని లోపల రెండు లోహములను అతికిన పట్టీ ఒకటి కలదు. వేడికి రెండును సమానముగ సాగవు, కనుక పట్టీ వంగును. గాలి నిర్ణయించిన వేడికి వచ్చినచో వంగి, బాయిలరునకు చాలునని చెప్పును. చల్లబడినచో నిటారై, మండుమని చెప్పును. కేనోపనిషత్తులో అగ్నిదేవుడు గడ్డిపరకను కాల్చలేక నిలుచుండిపోయిన కథ మనకు తెలిసినదే. అట్లే బాయిలరు గర్భములో అగ్నికి సామర్థ్యమున్నది, ఆజ్ఞ లేదు.

ఇక వ్యతిరేకము. చల్లబడుట 12వ దినమున మొదలైనది. పురిటి దినములు పదింటిలోను ఒక్క రాత్రియు గది చల్లబడలేదు. ఆ దినములలో ఆ ఇంట లేనిది, తరువాత వచ్చినది ఏమి? ఈ ప్రశ్న వేసికొని నడవలోనికి వచ్చి చూచితిని. గూటిలో అఖండదీపము నిశ్చలముగ వెలుగుచున్నది. దానికి సరిగ మూరెడు ఎత్తున ఆ గుండ్రని యంత్రము.

ఒక శంక మిగిలినది. దీపము 11వ దినముననే వెలిగినది కదా, నాడు ఇల్లు ఏల వెచ్చగా నున్నది? ఒక్కచోటనైనను వ్యభిచారమున్న హేతువును అంగీకరింపరాదు. ఆలోచింపగా అదియు విడిపోయినది. నాడు నామకరణమునకు వచ్చినవారు వచ్చుచు, వెళ్ళువారు వెళ్ళుచు ఉండుటచే వీధితలుపు దినమంతయు మూతపడలేదు. దీపము యంత్రమును వేడిచేయుచుండగా వీధిగాలి దానిని చల్లార్చుచునే యున్నది. మునుపటి కార్తికమున దీపము పూట పూటకు కొంతసేపే వెలిగెడిది. అందువలన అపుడును ఇబ్బంది తెలియలేదు.

అయినను పరీక్షింపక చెప్పరాదు. పాప గదిలోని ఉష్ణమాపకమును తెచ్చి యంత్రము ప్రక్కన గోడకు ఆనించితిమి. 24 చూపినది. అదే సమయమున మేడమీద 15. అఖండదీపమును ఆర్పుటకు నా సహధర్మచారిణి ఒప్పుకొనదు, నేనును ఒప్పుకొనను. ఒక ఇత్తడి పళ్ళెమును దీపమునకును యంత్రమునకును నడుమ అడ్డముగ పట్టుకొని నిలుచుంటిని. జ్వాలనుండి లేచు వేడిగాలి ప్రక్కకు మళ్ళినది. పావుగంట గడచినది, చేయి నొప్పిపెట్టినది. అపుడు గోడలో టిక్కుమని చిన్న ధ్వని. వంటింటిలో బాయిలరు గుప్పుమని మండినది. అమ్మాయి మేడమెట్లపై కూర్చుండి చూచుచుండెను. నవ్వుచు ఏడ్చినది.

ఇచట ఒక సూక్ష్మము గమనింపదగినది. ఆ యంత్రము అసత్యమాడలేదు. తానున్న చోట నిజముగనే వేడి యున్నది. దాని ప్రత్యక్షము దోషరహితము. దోషమంతయు వ్యాప్తియందే. 'నా యొద్ద వెచ్చగా నున్నది, కావున ఇల్లంతయు వెచ్చగా నున్నది' అను అనుమానమున హేతువు సవ్యభిచారము. పొగనుండి నిప్పును ఊహించుట వేఱు. ఆ ఇంటి కప్పునకు పొగను పసిగట్టి కేకవేయు యంత్రమొకటి యున్నది. పాపకు తలంటి సాంబ్రాణి పొగ వేసినపుడెల్ల అది చెవులు చిల్లులుపడునట్లు అరచెడిది. అందఱును విసిగికొనిరి గాని, నైయాయికుని దృష్టిలో దానియందు తప్పులేదు. పొగ యున్నది, పొగకు మూలముగ ధూపపాత్రలో నిప్పును ఉన్నది!

ఈ రెండు యంత్రములలో మాకు, అనగా అర్చకులకు, దగ్గరి చుట్టము గోడమీది గుండ్రని యంత్రమే. దీపమునకు మూరెడు దూరమున నిలుచువారము మేము. గర్భాలయమున హారతి వేడి ముఖమునకు తగులుచునే యుండును, కర్పూరపు సువాసన వస్త్రములకు అంటుకొనియే యుండును. ధ్వజస్తంభమునకు అవతల నిలిచి తొంగిచూచు వృద్ధురాలికి ఏమి తగులునో, తడిబట్టలతో వరుసలో నిలిచి తనవంతు రాకమునుపే పనికి పరుగెత్తు కూలివానికి ఏమి తగులునో గర్భాలయమందలి వేడినిబట్టి తెలియదు. "ఊరిలో భక్తి బాగుగ నున్నది" అను మాట మావంటివారి నోట తరచు వినబడును. ఆ మాట చెప్పుటకు గర్భాలయము తగిన చోటు కాదని నా దృఢాభిప్రాయము. చెప్పదలచినవారు ఉష్ణమాపకమును మేడమీదికి తీసికొనిపోవలెను.

ఇంకొక సంగతి. పురాణవైరాగ్యము, ప్రసూతివైరాగ్యము, శ్మశానవైరాగ్యము అని మూడింటిని మన పెద్దలు పరిహాసముగ చెప్పుదురు. పురాణము వినునంతసేపు, పురిటినొప్పి ఉన్నంతసేపు, చితి ముందు నిలిచినంతసేపు నిలుచునవి. మా ఆలయమున పురాణము ముగిసిన తరువాత ఒక తల్లి తరచు అడుగును. "ఇక్కడ కూర్చున్నంతసేపు మనసు వెచ్చగా ఉంటుంది పంతులుగారూ. ఇంటికెళ్ళి తలుపు తీసేసరికి చల్లారిపోతుంది. నాలో భక్తి లేదంటారా?" ఇట్టివారిని చూచి నీలో లోపమున్నదని వెంటనే చెప్పు ఉపన్యాసకులు కలరు. మా గురువుగారు అట్టివారిని సహించెడివారు కారు. చల్లబడిన ఇనుపపలకను తిట్టుట వలన ప్రయోజనమేమి? వేడి ఎన్నడును పలకది కాదు. వచ్చు మార్గము ఎచట ఆగినదో చూడవలెను. ఆ తల్లి ఇంట మంచమున పడిన అత్తగారు, పరీక్షలు తప్పిన కొడుకు, ఉదయము నాలుగింటికే లేచి మోయు నీళ్ళు. ఆమెకు నేను చెప్పినది ఒక్కటే. పురాణమునకు వారమునకొకసారి వచ్చి గంట కూర్చుండుటకంటె, పొయ్యి వెలిగించునపుడు దినమునకొక్క శ్లోకము మెల్లగ చెప్పుకొమ్మంటిని. ఉపమానమును ఇంతకంటె లాగుట నాకు సమ్మతము కాదు. చంద్రునివంటి ముఖమనినచో ముఖమునకు మచ్చ వెదకరాదు కదా.

ఇక దీపము మాట. అల్లుడుగారు యంత్రమునే మార్పింతమనిరి. అది అద్దె ఇల్లు, తీగలు గోడలోపల నున్నవి. యజమాని అనుమతి, పనివాడు, గోడ త్రవ్వుట, వీనికి వారములు పట్టును. పాపకు ఆ రాత్రియే వెచ్చదనము కావలెను. నా సహధర్మచారిణి మెల్లగ అడిగినది. "సంకల్పం చేసిన చోటు మార్చొచ్చాండీ? పాపకేమైనా అవుతుందేమో." ఆమె భయమును నేను తేలికగ తీసికొనలేదు. పాప చలికి వణకుననియు భయము, దీపము కదిపినచో కీడనియు భయము. రెండును ఒకే ప్రేమనుండి పుట్టినవే.

ఆమెతో నేను చెప్పినది ఇది. జ్వాలను చూచి 'నిన్నటి దీపమే' అందుము. నిన్నటి తైలము దహించిపోయినది, నిన్నటి వత్తికొన బూడిదయైనది. క్షణక్షణము క్రొత్త జ్వాల పుట్టుచున్నను ధార తెగలేదు కనుక అదే దీపమనుచున్నాము. అఖండత్వము ధారకు గాని చోటునకు కాదు. కార్తికమున మా ఆలయపు ఆకాశదీపమును గర్భాలయ దీపమునుండియే అంటించి ధ్వజస్తంభమునకు ఎత్తుదుము. అట్లే ఈ దీపమునుండి వేఱొక ప్రమిదను వెలిగించి మరియొకచోట ఉంచినచో సంకల్పము తెగదు. దేవుని పటములు గూటిలోనే యుండును, జ్యోతి మాత్రము తరలును.

ఎచట ఉంచవలెనను ప్రశ్నకు ఆ ఇల్లే సమాధానము చూపినది. ముందుగదిలో పూర్వకాలపు పొయ్యి యున్నది. రేడియేటర్లు రాకముందు ఆ దేశపు గృహములలో బొగ్గు మండించి చలికాచుకొనిన పొయ్యి అది. పొగగొట్టము మూసివేసిరి, రాతిపలక అట్లే యున్నది. ఎన్నో దశాబ్దములుగ నిప్పు ఎఱుగని ఆ రాతిపై పసుపుకుంకుమలతో ముగ్గుపెట్టి, నా సహధర్మచారిణి తన చేతితో జ్యోతిని తెచ్చి నిలిపినది. నడవలోని పాత ప్రమిదలో నూనె పోయక విడచితిమి. అది తనంతట శాంతించుసరికి రాత్రి తొమ్మిది దాటినది. ఆ రాత్రి 3 గంటలకు పుస్తకములో అమ్మాయి వ్రాసిన అంకె 19. పాప పూర్తిగా పాలు త్రాగి నిద్రించినదని దాని ప్రక్కన.

మండలము పూర్తియైనది, మేము బొబ్బిలికి తిరిగివచ్చితిమి. ఈ మధ్య వారు సొంత ఇల్లు కొనుటకు చూచుచున్నారు. గత వారము అమ్మాయి ఫోనులో ఒక ఇంటి పటమును పంపి, "నాన్నగారూ, దేవుడిగది ఈశాన్యంలో వస్తుందా లేదా చూసి చెప్పండి" అని అడిగినది. ఈశాన్యము తరువాత చూచెదను, ముందు ఆ గుండ్రని యంత్రము ఏ గోడకున్నదో గుర్తుపెట్టి పంపుమని వ్రాసితిని.